పాత కార్టూన్‌కు రివ్యూ రాసేముందు ప్రింటు సంగతి చూడాలి

1940లో విడుదలైన రెండు అమెరికన్ కార్టూన్లు ఆ ఏడాది ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లాయి. ఒకటి లియాన్ ష్లెసింజర్ స్టూడియో తీసి వార్నర్ బ్రదర్స్ విడుదల చేసిన 'ఎ వైల్డ్ హేర్'. ఇంకొకటి ఎంజీఎం వారి 'పుస్ గెట్స్ ద బూట్'. బగ్స్ బన్నీకి ఒక రూపం, ఒక తీరు వచ్చింది మొదటిదాంతోనే. టామ్ అండ్ జెర్రీ కథ మొదలైంది రెండోదాంతో. వీటి మీద ఇప్పుడు రాయాలంటే ముందు తేల్చుకోవాల్సింది, మన ముందున్నది ఎప్పటి ప్రింటు అని.

'ఎ వైల్డ్ హేర్' అసలు టైటిల్స్‌లో దర్శకుడు టెక్స్ ఏవరీ, కథ రాసిన రిచ్ హోగన్, యానిమేటర్ వర్జిల్ రాస్, సంగీతం ఇచ్చిన కార్ల్ స్టాలింగ్ పేర్లున్నాయి. అప్పట్లో ఒక్కో కార్టూన్‌కు ఒక్క యానిమేటర్ పేరే వంతులవారీగా వేసేవారు కాబట్టి, అదీ పూర్తి లెక్క కాదు. 1943 నుంచి వార్నర్ 'బ్లూ రిబ్బన్' పేరుతో పాత రంగుల కార్టూన్లను మళ్లీ థియేటర్లకు పంపడం మొదలుపెట్టింది. కొత్తది తీయడం కన్నా ఇది చాలా చవక. దీనికోసం అసలు నెగటివ్‌లోనే టైటిల్స్ కత్తిరించి, కార్టూన్ పేరు మాత్రమే ఉన్న కొత్త కార్డు అతికించారు. చేసినవాళ్ల పేర్లు అలా పోయాయి.

1944లో ఈ కార్టూన్ వంతు వచ్చింది. అందులో కుందేలు బగ్స్ వెనకనుంచి వేటగాడు ఎల్మర్ కళ్లు మూసి, ఎవరో చెప్పుకోమంటాడు. ఎల్మర్ వరసగా హీరోయిన్ల పేర్లు చెబుతాడు. వాళ్లలో ఒకరైన కరోల్ లొంబార్డ్ 1942లో విమాన ప్రమాదంలో చనిపోయింది. అందుకని రీ రిలీజ్‌లో ఆ ఒక్క పేరు తీసి బార్బరా స్టాన్విక్ అని మళ్లీ డబ్బింగ్ చెప్పించారు. 1948కి ముందరి రంగుల కార్టూన్లను 1956లో టీవీ కోసం అమ్మేశారు. జనం ఏళ్ల తరబడి చూసింది ఈ మార్చిన కాపీలే.

'పుస్ గెట్స్ ద బూట్' చిక్కు ఇంకో రకం. దర్శకత్వం టామ్ అండ్ జెర్రీ సృష్టికర్తలు విలియం హన్నా, జోసెఫ్ బార్బెరాలది. తెర మీద పడింది మాత్రం నిర్మాత రుడాల్ఫ్ ఐసింగ్ పేరు. అందులోని నల్లజాతి పనిమనిషికి లిలియన్ రాండాల్ఫ్ గొంతు ఇచ్చింది, ఆమె పేరూ వేయలేదు. ఆ పాత్ర మీద నిరసనలు వచ్చాయి, 1952 తర్వాత సిరీస్‌లో కనిపించలేదు. 1960లలో టీవీ కోసం కార్టూన్ దర్శకుడు చక్ జోన్స్ బృందం కొన్ని కార్టూన్లలో ఆమె స్థానంలో సన్నటి తెల్లజాతి మహిళను గీసింది. 1990లలో మరికొన్నిటికి గొంతు మార్చారు. 1995లో మన దేశానికి కార్టూన్ నెట్‌వర్క్ వచ్చాక టామ్ అండ్ జెర్రీ చూస్తూ పెరిగిన మనవాళ్లు ఎవరి గొంతు విన్నారన్నది ఏ కాపీ ప్రసారమైందో దాన్నిబట్టే ఉంటుంది.

ఈ దిద్దుబాట్లు నాకు నచ్చవు. జాతి వివక్షతో పాటు రాండాల్ఫ్ నటన కూడా తుడిచిపెట్టుకుపోతుంది. తర్వాత డీవీడీల్లో వార్నర్ ఎంచుకున్న దారి మేలు. ఈ చిత్రణ అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే అని ముందే చెప్పి, ఉన్నదున్నట్టు చూపించారు.

'ఎ వైల్డ్ హేర్' అసలు టైటిల్స్‌తో, లొంబార్డ్ పేరుతో సహా పునరుద్ధరణ అయింది. బ్లూ రిబ్బన్ కింద వెళ్లిన మిగతావాటిలో చాలావాటికి ఆ అదృష్టం లేదు. నెగటివ్ కత్తిరించేశారు కాబట్టి, ఎవరి దగ్గరైనా మొదటి విడుదల నాటి ప్రింటు బయటపడితేనే ఆ పేర్లు తెలుస్తాయి.