తొలి విదేశీ ప్రయాణం: విద్యార్థుల అపోహలు, వాస్తవాలు

దూరదేశానికి చదువుకు వెళ్లే పిల్లల్ని ప్రయాణానికి ముందు సిద్ధం చేయడం నా పని. వాళ్లడిగేవి ఎక్కువగా సూట్‌కేసు బరువు గురించే. నా బెంగ మాత్రం వాళ్లు పెట్టుకున్న అంచనాల గురించి. మర్చిపోయిన వస్తువు అక్కడ కొనుక్కోవచ్చు. తప్పుడు అంచనాతో దిగితే మాత్రం, అందరికీ ఎదురయ్యే ఇబ్బందిని కూడా "నావల్లే కావట్లేదు" అనుకుని కుంగిపోతారు.

అపోహ: మొదటి వారాలు పండగలా గడుస్తాయి, దిగులు ఆ తర్వాతే.

ఈ నమ్మకానికి పేరున్న ఆధారం 1955లో నార్వే సామాజిక శాస్త్రవేత్త స్వెర్రె లైస్‌గార్డ్ రాసిన వ్యాసం. అమెరికాలో ఉండొచ్చిన 200 మంది నార్వే వాళ్లను ఆయన పరిశీలించారు. 6 నెలల లోపు ఉన్నవాళ్లూ, 18 నెలలు దాటినవాళ్లూ బాగానే సర్దుకున్నారు, మధ్యకాలం ఉన్నవాళ్లే ఇబ్బందిపడ్డారు. మొదట బాగుండి, మధ్యలో కిందికి జారి, మళ్లీ పైకి లేస్తుందనే ఇంగ్లిషు 'యు' అక్షరంలాంటి వంపు అలా పుట్టింది. కానీ ఆయన ఒకే మనిషిని నెలల తరబడి గమనించలేదు. వేర్వేరు కాలాలు గడిపిన వేర్వేరు మనుషుల్ని పోల్చారు. 1998లో మనస్తత్వ శాస్త్రవేత్త కొలీన్ వార్డ్ బృందం అచ్చువేసిన అధ్యయనం దారి వేరు. న్యూజిలాండ్‌కు చదువుకు వచ్చిన జపాన్ విద్యార్థుల్ని దిగిన రోజు నుంచి ఏడాదిపాటు వెంబడించింది. ఇబ్బంది అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది దిగిన కొత్తలోనే.

నేను చూస్తున్నదీ అదే. మొదటి రాత్రి తాళం ఎటు తిప్పాలో తెలియదు. షవర్లో వేడినీళ్లు ఎలా వస్తాయో అర్థం కాదు. సిమ్ పనిచేయదు. అన్నీ చిన్నవే, కానీ ఇంట్లో ఆలోచించకుండా చేసే పనులన్నీ ఒక్కసారిగా ఆలోచించి చేయాల్సి వస్తుంది. ఆ అలసటకే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అంతమాత్రాన తప్పు దేశానికి వచ్చినట్టు కాదు. మొదటి నెలలో "వెనక్కి వెళ్లిపోవాలా" అన్న నిర్ణయం తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. వారాలు గడిచినా నిద్ర, తిండి దారిన పడకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా యూనివర్సిటీ కౌన్సెలర్‌నో డాక్టర్‌నో కలవాలి.

అపోహ: వీసా చేతికొస్తే ప్రవేశం ఖాయం.

చాలా దేశాల్లో చివరి మాట దిగినచోట ఉండే ఇమ్మిగ్రేషన్ అధికారిదే. అడ్మిషన్ లెటర్, ఫీజు రసీదు, ఉండబోయే చోటు చిరునామా చేతి సంచిలో ఉంచుకోండి, చెక్‌ఇన్ పెట్టెలో కాదు. ఫోన్ చార్జింగ్ అయిపోవచ్చు, కాబట్టి కాగితం మీద కూడా ఉండాలి.

అపోహ: భాషా పరీక్షలో మంచి స్కోరు వచ్చింది, ఇక మాటకు ఇబ్బంది లేదు.

పరీక్షలో హెడ్‌ఫోన్స్ ఉంటాయి, ఒకరి తర్వాత ఒకరు స్పష్టంగా మాట్లాడతారు. క్యాంటీన్‌లో నలుగురు ఒకేసారి మాట్లాడతారు, సగం మాట మింగేస్తారు, మనకు తెలియని సంగతికి నవ్వుకుంటారు. చుట్టూ రొద ఉన్నప్పుడు, పుట్టి పెరిగిన భాషకన్నా నేర్చుకున్న భాష అందుకోవడం బాగా కష్టం. ఫోన్‌లో మరీనూ. పెదవులు కనబడవు. పాత పద్ధతి ఫోన్ లైను సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ (సెకనుకు కంపనాల సంఖ్య) వరకే మోస్తుంది, 'స', 'ఫ' లాంటి శబ్దాల్ని విడదీసి చెప్పే పైస్థాయి ధ్వని చాలావరకు పోతుంది. అందుకే బ్యాంకుకో ఇంటి యజమానికో ఫోన్ చేయాలంటే నోరు పెగలదు. మొదట్లో ఇలాంటి పనులు నేరుగా వెళ్లి చేసుకోండి, లేదా మెయిల్ పెట్టండి. "మళ్లీ చెప్పండి" అని అడగడం కన్నా, విన్నంత వరకు తిరిగి చెప్పి "ఇంతేనా?" అని అడిగితే ఎదుటివాళ్లు పోయిన ముక్కే అందిస్తారు. నా విద్యార్థుల చేత దీన్ని గట్టిగా సాధన చేయిస్తాను.

అపోహ: ఒక రాత్రి బాగా నిద్రపోతే జెట్ లాగ్ (దూర విమాన ప్రయాణంలో టైమ్ మారడం వల్ల వచ్చే నిద్ర తేడా, అలసట) పోతుంది.

ఒంట్లోని గడియారం రోజుకు సుమారు గంట చొప్పునే జరుగుతుంది. చాలామందిలో అది 24 గంటల కన్నా కాస్త నిదానంగా తిరుగుతుంది కాబట్టి, పడమటి ప్రయాణం కన్నా తూర్పు ప్రయాణం ఎక్కువ బాధిస్తుంది. తెల్లవారుజామున 3 గంటలకు మెలకువ వచ్చి బతుకంతా అయోమయంగా తోస్తే, సగం ఆ గడియారం పనే అనుకోండి.

అపోహ: మనవాళ్లతో కలిస్తే అక్కడ ఇమడలేం.

ఈ సలహా పిల్లల్ని ఒంటరి చేయడం చూశాను, అందుకే ఇది నాకు నచ్చదు. 1977లో మనస్తత్వ శాస్త్రవేత్త స్టీఫెన్ బోక్నర్, ఆయన సహచరులు విదేశీ విద్యార్థుల స్నేహాల్ని మూడు రకాలుగా చూపారు. సొంత దేశం వాళ్లతో మనసు కుదుటపడుతుంది, స్థానికులతో చదువు, పనులు సాగుతాయి, మిగతా దేశాల వాళ్లతో కాలక్షేపం. మూడూ కావాలి. స్థానికుల స్నేహం నెమ్మదిగా వస్తుంది. వాళ్లకు ఇప్పటికే స్నేహితులున్నారు, మీ మీద చిన్నచూపు ఉండి కాదు. ఒకే గుంపు ప్రతి వారం కలిసేచోట, ల్యాబో, ఆటల జట్టో, సంగీత బృందమో, చేరితే త్వరగా దగ్గరవుతారు.

తల్లిదండ్రులకూ ఒక మాట. ఫోన్ ఎత్తగానే "నచ్చిందా?" అని అడగకండి. పిల్లలు మీకోసం "బాగుంది" అనేసి, ఆ అబద్ధాన్ని మోస్తూ కూర్చుంటారు. "ఇవాళ ఏ పని చేసుకున్నావ్? ఎవరితో మాట్లాడావ్?" అని అడగండి. బ్యాంకు ఖాతా తెరిచానని ఒకరు, బస్సు తప్పిపోయిందని మరొకరు చెబుతారు, దాంతో అసలు సంగతి మెల్లగా బయటికొస్తుంది.