బ్యాండ్‌విడ్త్ పెంచినా పరీక్ష రోజు మూడిల్ ఎందుకు మొరాయిస్తుంది? క్యాంపస్ ఐటీపై అపోహలు - వాస్తవాలు

డిజిటల్ లెర్నింగ్ పేరుతో గ్రాంటు మంజూరైతే యూనివర్సిటీల్లో మొదటి ఇండెంటు స్మార్ట్ బోర్డులకు, రెండోది ఇంటర్నెట్ స్పీడు పెంచడానికి వెళ్తుంది. స్విచ్‌లు, కేబుళ్లు, యూపీఎస్ బ్యాటరీలు, డేటాబేస్ సెట్టింగులు జాబితా అడుగున పడిపోతాయి. వాటికి రిబ్బన్ కట్టి ప్రారంభోత్సవం చేయలేం కదా! కానీ క్లాసు మధ్యలో వీడియో ఆగినా, మూడిల్‌లో (ఆన్‌లైన్ క్లాసులు, పరీక్షలు నడిపే సాఫ్ట్‌వేర్) పరీక్ష మధ్యలో లాగిన్ పోయినా కారణం చాలాసార్లు ఆ అడుగునే దొరుకుతుంది.

అపోహ: నెట్ స్లోగా ఉందంటే బ్యాండ్‌విడ్త్ చాలట్లేదని అర్థం.

వాస్తవం: ముందు కొలవండి. విద్యాసంస్థలను కలిపే ప్రభుత్వ నెట్‌వర్క్ అయిన నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ ద్వారా చాలా యూనివర్సిటీలకు 1 జీబీపీఎస్ లింకు ఉంది. ఫైర్‌వాల్ (క్యాంపస్‌కూ ఇంటర్నెట్‌కూ మధ్య ఉండే కాపలా పరికరం) బయటి పోర్టును లిబ్రెఎన్ఎంఎస్, జాబిక్స్ లాంటి నిఘా సాఫ్ట్‌వేర్‌లో చేర్చి, ఐదు నిమిషాల సగటుతో ఓ వారం గ్రాఫు చూడండి. రద్దీ వేళల్లో కూడా వాడకం 70 శాతం దాటట్లేదంటే ఇంకో 1 జీబీపీఎస్ కొన్నా ఒరిగేదేమీ లేదు. అడ్డంకి లోపలెక్కడో ఉంది.

మొదట కేబుళ్లు చూడాలి. గిగాబిట్‌కు కేబుల్లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు. ఒక జత తెగినా, చివరి ఆర్‌జే45 ప్లగ్గు సరిగ్గా క్రింప్ కాకపోయినా చాలాసార్లు లింకు చప్పుడు లేకుండా 100కు పడిపోతుంది. లైటు వెలుగుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. స్విచ్‌లో పోర్టుల స్పీడు పట్టిక ఒక్కసారి తెరిస్తే దొరికిపోతుంది. అంతస్తు స్విచ్‌ను మిగతా నెట్‌వర్క్‌కు కలిపే అప్‌లింక్ పోర్టే అలా పడిపోతే ఆ అంతస్తు మొత్తం 100 ఎంబీపీఎస్‌తో సరిపెట్టుకోవాలి. 720పీ వీడియోకు సుమారు 2 ఎంబీపీఎస్ వేసుకుంటే యాభై మందితో అది నిండిపోతుంది.

తర్వాత డీహెచ్‌సీపీ, అంటే ప్రతి పరికరానికీ ఐపీ అడ్రస్ పంచే సర్వీసు. "వైఫై కనెక్ట్ అయింది గానీ నెట్ రావట్లేదు" అన్న ఫిర్యాదు వస్తే అడ్రస్‌లు అయిపోయాయేమో ముందు చూడండి. స్లాష్ 24 (/24) సబ్‌నెట్‌లో, అంటే ఆ సైజు అడ్రస్‌ల విభాగంలో, ఉండేవి 254 అడ్రస్‌లే. విండోస్ సర్వర్‌లో డీఫాల్ట్ లీజు (ఒక అడ్రస్ ఒక పరికరం పేరిట ఉండే గడువు) 8 రోజులు. అంటే సోమవారం సెమినార్‌కు వచ్చి వెళ్లిపోయినవాళ్ల ఫోన్లు వచ్చే మంగళవారం దాకా అడ్రస్‌లు పట్టుకుని కూర్చుంటాయి. పైగా ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫై పేరుకు ఒక్కో కల్పిత మ్యాక్ అడ్రస్ (పరికరాన్ని గుర్తించే సంఖ్య) చూపిస్తాయి. క్యాంపస్‌లో మూడు ఎస్ఎస్ఐడీలు (వైఫై పేర్లు) ఉంటే ఒకే ఫోను మూడు ఫోన్లుగా లెక్కకొస్తుంది. వైఫై లీజు 2 నుంచి 4 గంటలకు తగ్గించండి, స్లాష్ 22 ఇచ్చి 1,022 అడ్రస్‌లు చేయండి, భవనానికో వీల్యాన్ (విడి వర్చువల్ నెట్‌వర్క్) పెట్టండి.

ఫోన్ల మ్యాక్ అడ్రస్‌లు రిజిస్టర్లో రాసుకుని అనుమతులిచ్చే పద్ధతికి కాలం చెల్లింది. 802.1ఎక్స్ లాగిన్‌కు, అంటే ఎవరి ఖాతాతో వాళ్లు వైఫైలోకి వచ్చే పద్ధతికి, మారడమే దారి. దానికోసం ఎలాగూ లాగిన్‌లు సరిచూసే రేడియస్ సర్వర్ పెడతారు కాబట్టి విద్యాసంస్థల ఉమ్మడి వైఫై ఎడ్యురోమ్‌లోనూ చేరిపోండి. మన దేశంలో దాన్ని ప్రభుత్వ సంస్థ ఎర్నెట్ నడుపుతోంది, అదే లాగిన్ ఇతర సభ్య సంస్థల క్యాంపస్‌లలోనూ పనిచేస్తుంది.

హాస్టల్లో ఎవరైనా ఇంటి రౌటర్ తెచ్చి ల్యాన్ పోర్టుకు తగిలిస్తే అది కూడా అడ్రస్‌లు పంచడం మొదలెడుతుంది. యాక్సెస్ స్విచ్‌లలో డీహెచ్‌సీపీ స్నూపింగ్ (అనధికారికంగా అడ్రస్‌లు పంచడాన్ని అడ్డుకునే సెట్టింగు) ఆన్ చేస్తే ఆ బెడద పోతుంది. అప్‌లింక్ పోర్టును ట్రస్టెడ్‌గా గుర్తించడం మరిచారా, అసలు సర్వర్ ఇచ్చే అడ్రస్‌లూ ఆగిపోతాయి.

అపోహ: యాక్సెస్ పాయింట్లు (ఏపీలు, అంటే వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలు) ఎన్ని ఎక్కువ పెడితే వైఫై అంత బాగుంటుంది.

వాస్తవం: 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానితో ఒకటి కలవని ఛానళ్లు మూడే: 1, 6, 11. వరండా పొడవునా పది ఏపీలు ఫుల్ పవర్‌లో పెడితే అవి ఒకదాని గొంతు ఒకటి నొక్కేస్తాయి. ఏపీని వరండాలో కాదు, క్లాసురూములో పెట్టాలి. గోడలు అప్పుడు అడ్డం కాకుండా మేలు చేస్తాయి, పక్క గది సిగ్నల్‌ను ఆపుతాయి. 120 మంది కూర్చునే హాలుకు రెండు ఏపీలు, 5 గిగాహెర్ట్జ్‌లో 20 లేదా 40 మెగాహెర్ట్జ్ వెడల్పు (80 వద్దు), ఏపీ విడిచి ఏపీలో 2.4 రేడియో ఆఫ్, కనీస డేటా రేటు 12 ఎంబీపీఎస్. డిపార్ట్‌మెంటుకో ఎస్ఎస్ఐడీ అడుగుతారు, ఒప్పుకోకండి. ప్రతి ఎస్ఎస్ఐడీ సెకనుకు దాదాపు పదిసార్లు తన ఉనికిని చాటుకుంటుంది, అదీ అతి తక్కువ రేటులో. మూడు దాటనివ్వవద్దు.

టెండరులో తరచూ మరిచేది పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్ ద్వారానే కరెంటివ్వడం) బడ్జెట్. వైఫై 6 ఏపీలు చాలావాటికి 30 వాట్ల 802.3ఏటీ పోర్టు కావాలి. పాత 15.4 వాట్ల పోర్టుకు తగిలిస్తే ఏపీ వెలుగుతుంది గానీ కొన్ని రేడియోలు తగ్గించుకుని నడుస్తుంది. "24 పోర్టుల పీఓఈ స్విచ్" అని మాత్రమే రాస్తే ఎల్-1 (అతి తక్కువ) ధరకు వచ్చే స్విచ్ మొత్తం బడ్జెట్ 370 వాట్లే కావచ్చు. పోర్టుకు 30 చొప్పున పన్నెండు పోర్టులకే అది సరి. మొత్తం వాట్లు ఎన్నో స్పెసిఫికేషన్‌లోనే రాయండి.

అపోహ: పెద్ద సర్వర్ కొంటే ఆన్‌లైన్ పరీక్ష తట్టుకుంటుంది.

వాస్తవం: 128 జీబీ ర్యామ్ ఉన్న సర్వర్ కూడా డీఫాల్ట్ సెట్టింగులతో చతికిలపడుతుంది. ఉబుంటు సర్వర్‌లో మూడిల్ పేజీలు తయారుచేసే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎంకు మ్యాక్స్ చిల్డ్రన్ డీఫాల్ట్ విలువ 5. అంటే ఒకేసారి ఐదు పేజీలే తయారవుతాయి, మిగతావాళ్లు క్యూలో ఉంటారు. సీపీయూ ఖాళీగా కనపడుతుంది, విద్యార్థి తెర మీద 504 (సర్వర్ సకాలంలో జవాబివ్వలేదన్న ఎర్రర్) వస్తుంది. ఒక్కో పీహెచ్‌పీ ప్రాసెస్ ఎంత మెమరీ తింటోందో చూడండి. 80 ఎంబీ అనుకుంటే, డేటాబేసుకూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ పోగా 20 జీబీ మిగిలిన చోట 250 దాకా పెట్టొచ్చు. అక్కడితో ఆగితే ఇంకో గోడకు గుద్దుకుంటారు. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మరియాడీబీలో మ్యాక్స్ కనెక్షన్స్ (ఒకేసారి కుదిరే కనెక్షన్లు) డీఫాల్ట్ 151. దాన్ని 300 చేయండి. ఇన్నోడీబీ బఫర్ పూల్ (డేటాబేస్ తన డేటాను ర్యామ్‌లో ఉంచుకునే చోటు) డీఫాల్ట్ 128 ఎంబీ. డేటాబేసుకు విడిగా సర్వర్ ఉంటే ర్యామ్‌లో 60 నుంచి 70 శాతం ఆ పూల్‌కివ్వండి. లాగిన్ సెషన్లను రెడిస్‌కు (మెమరీలోనే డేటా ఉంచే సాఫ్ట్‌వేర్) మార్చండి. మూడిల్ క్రాన్ (వెనకాల పనులను వేళకు నడిపేది) నిమిషానికోసారి నడవాలి, కోర్సుల ఆటోమేటిక్ బ్యాకప్ మాత్రం పరీక్ష వేళల్లో నడవకూడదు.

ఇక పరీక్షను అమర్చే తీరు. వెయ్యి మంది 10 గంటలకు ఒకే క్షణంలో బటన్ నొక్కడమే అసలు గండం. గ్రూపులు చేసి పది నిమిషాల తేడాతో మొదలుపెట్టించండి. పేజీకి ఐదు ప్రశ్నలు చాలు. ఆటోసేవ్ వ్యవధి 60 సెకన్లుంటే వెయ్యి మందికి సెకనుకు సుమారు 17 రిక్వెస్టులు, అది మోయదగ్గ బరువే. 10 సెకన్లకు దించితే 100 అవుతుంది. ఎక్కువమంది ఒకేసారి వచ్చినట్టు పరీక్షించే జేమీటర్ కోసం టెస్ట్ ప్లాన్ తయారుచేసే సదుపాయం మూడిల్‌లోనే ఉంది, కానీ దాన్ని లైవ్ సైటు మీద కాకుండా నకలు సైటు మీద నడపాలి.

మూడిల్ క్యాంపస్ బయట ఉంటే ఇంకో చిక్కు. వెయ్యి మందీ ఒకే పబ్లిక్ ఐపీ నుంచి వస్తున్నట్టు కనపడతారు. అటువైపు భద్రతా ఫిల్టరు దాన్ని దాడి అనుకుని క్యాంపస్ మొత్తాన్ని బ్లాక్ చేయొచ్చు. పరీక్షకు ముందే ఆ ఐపీని అనుమతి జాబితాలో చేర్పించండి.

అపోహ: క్లౌడ్‌లో స్టోరేజీకి హద్దుండదు.

వాస్తవం: ఒకప్పుడు విద్యాసంస్థలకు గూగుల్ అలాగే ఇచ్చింది. 2022 నుంచి ఉచిత ప్లానులో సంస్థ మొత్తానికి కలిపి 100 టీబీ. గంట క్లాసు 2 ఎంబీపీఎస్‌లో రికార్డు చేస్తే 0.9 జీబీ. రోజుకు 200 క్లాసులంటే 180 జీబీ, 550 పనిదినాల్లో గిన్నె నిండుతుంది. మెయిళ్లు, పాత విద్యార్థుల ఖాతాలు కలిపితే ఇంకా ముందే. సెమిస్టర్ అయ్యాక ఏ రికార్డింగులు ఉంచాలో, ఎవరు తీసేయాలో మొదటి ఏడాదే రాసిపెట్టుకోండి.

అపోహ: యూపీఎస్ ఉంది కాబట్టి కరెంటు పోయినా ఫరవాలేదు.

వాస్తవం: యూపీఎస్ సర్వర్ గదిలో ఉంటుంది, అంతస్తులోని స్విచ్‌కు ఉండదు. కరెంటు పోగానే సర్వర్ నడుస్తూనే ఉంటుంది, దాన్ని చేరే దారి మాత్రం ఉండదు. సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీల ఆయుష్షు 25 డిగ్రీల మీద ప్రతి 10 డిగ్రీలకూ సుమారు సగమవుతుంది. కిటికీల్లేని ర్యాక్ గదిలో మే నెల ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. భవనాల మధ్య రాగి కేబుల్ లాగొద్దు, ఒక్క పిడుగుకు రెండు వైపుల స్విచ్‌లూ పోతాయి. సింగిల్ మోడ్ ఫైబర్ వేయండి.

అపోహ: రెయిడ్ (ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా పలు డిస్కులు కలిపి వాడే అమరిక) ఉంటే బ్యాకప్ ఉన్నట్టే.

వాస్తవం: రెయిడ్ డిస్కు పోతే ఆదుకుంటుంది, తప్పుగా తుడిచేస్తే ఆదుకోదు. మూడిల్‌కు డేటాబేస్, మూడిల్‌డేటా (ఎక్కించిన ఫైళ్లుండే) ఫోల్డరు, కోడు మూడూ కావాలి. ఎప్పుడూ మౌంట్ అయి ఉండే బ్యాకప్ డిస్కును డబ్బు కోసం ఫైళ్లకు తాళం వేసే రాన్సమ్‌వేర్ కూడా గుప్తీకరిస్తుంది. ఒక ప్రతి విడదీసి ఉంచండి. దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనను 6 గంటల్లో తెలపాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి.

అపోహ: తెలుగు ప్రశ్నలు వర్డ్ ఫైల్లో ఉన్నాయి, మూడిల్‌లోకి కాపీ చేస్తే చాలు.

వాస్తవం: ఆ ఫైళ్లలో చాలావరకు అను ఫాంట్లవి. అవి తెర మీద తెలుగులా కనపడే ఆంగ్ల సంకేతాలు. మూడిల్‌లో అతికిస్తే గజిబిజి వస్తుంది, పీడీఎఫ్‌లో వెతికితే దొరకవు, చూపు లేని విద్యార్థి స్క్రీన్ రీడరు వాటిని చదవలేదు. కన్వర్టరుతో యూనికోడ్‌కు (అన్ని పరికరాలూ చదివే ప్రామాణిక సంకేతాలు) మార్చాక వత్తులు, సున్నలు ఒకసారి మనిషి చూడాల్సిందే. ఎక్సెల్ నుంచి ఎగుమతి చేసేటప్పుడు మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారుతుంది, "సీఎస్‌వీ యూటీఎఫ్-8" ఎంచుకోవాలి. మొత్తం ప్రశ్నల బ్యాంకు ఎక్కించే ముందు ఐదు ప్రశ్నలు ఎక్కించి, తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్లో తెరిచి చూడండి. విద్యార్థుల్లో ఎక్కువమంది చేతిలో ఉండేది అదే.