వీపు నిమిరే పది నిమిషాలు

కర్నూలు

ఐదో తరగతి పిల్లలకు తాత ఆశీస్సులు.

పిల్లలు ఒకరికొకరు వీపు నిమురుకోవడం గురించి మీరు ప్రశ్నలు రాసిచ్చిన కాగితాలు మీ సారు పంపారు. వాటిలో ఒకదాని మీద పేరు లేదు. పెన్సిల్‌తో ఒత్తి ఒత్తి ఒకటే ప్రశ్న రాసి ఉంది: "నన్ను రోజూ ఏడిపించేవాడి వీపు నేనెందుకు నిమరాలి తాతా?"

నిమరక్కర్లేదు నాయనా. నీకు ఇష్టం లేనివాళ్ల వీపు నువ్వు ముట్టుకోనక్కర్లేదు. నీకు ఇష్టం లేకుండా నీ వీపు ఎవరూ ముట్టుకోకూడదు. పిల్లలు ఒకరికొకరు వీపు మర్దన చేసుకునే ఈ పద్ధతికి పునాదే అది. ఆ పునాది వేయలేని బడి దీన్ని మొదలుపెట్టకపోవడమే మేలు.

స్వీడన్‌కు చెందిన మియా ఎల్మ్‌సేటర్, కెనడాకు చెందిన సిల్వీ హెతు అనే ఇద్దరు మహిళలు పాతికేళ్ల కిందట దీన్ని బడుల కోసం ఒక పద్ధతిగా కూర్చారు. 4 నుంచి 12 ఏళ్ల పిల్లల కోసం. బట్టల మీదనే చేయాలి, నూనె ఉండదు. వీపు, తల, చేతులు, అంతవరకే. పెద్దవాళ్లెవరూ పిల్లల మీద చెయ్యి వేయరు. టీచరు చూపించాలంటే ఇంకో టీచరు వీపు మీద చూపిస్తారు, లేదా గాలిలో చేతులాడిస్తారు. ముందుగా అమ్మానాన్నలను పిలిచి అంతా చెప్పి, వాళ్లు సరేనన్నాకే మొదలుపెట్టాలి.

మీ ఇళ్లలో జొన్నరొట్టె తట్టడం చూసే ఉంటారు. మా చిన్నప్పుడు తుంగభద్ర ఒడ్డు ఊళ్లలో దీపాలు పెట్టే వేళకు వీధి పొడవునా ఆ చప్పుడే. జొన్నపిండికి గోధుమపిండికున్న సాగుడు లేదు. ఊరికే నీళ్లు పోస్తే కలవదు. మరిగిన నీళ్లు పోసి, అరచేత్తో నొక్కి నొక్కి పిసికితే తప్ప ముద్ద కాదు. తట్టేటప్పుడు ఒకేచోట గట్టిగా కొడితే విరుగుతుంది, అందుకే అవ్వ తిప్పుతూ తడుతుంది. అంత చేసినా అంచులు విచ్చుకుంటాయి. విచ్చుకున్నచోట వేలితో దగ్గరికి అదిమి మళ్లీ తిప్పుతుంది. తరగతి గదీ ఆ పిండే. నలభై మందిని ఒకచోట కూర్చోబెట్టినంత మాత్రాన కలిసిపోరు. విచ్చుకునేది అంచే: కొత్తగా చేరిన పిల్ల, మాట తడబడే పిల్లాడు, వలస వెళ్లి నడి ఏడాదిలో తిరిగొచ్చినవాడు. ఏడిపించడం అక్కడే మొదలవుతుంది. ముద్ద ఆరిపోతే ఎంత నేర్పరి చెయ్యికైనా రొట్టె రాదు కాబట్టి, ఈ వీపు నిమరడం వారానికోసారి చేసే పని కాదు, రోజూ చేయాల్సిందే.

చేసే తీరు చెబుతాను. మధ్యాహ్న భోజనం వరుసలో తోపులాట, ఆటలో అలక, అన్నీ మోసుకుని మీరు లోపలికొచ్చే వేళ దీనికి మంచిది. తిన్నాక ఓ అరగంట ఆగండి. గోళ్లు కత్తిరించుకుని, చేతులు కడుక్కుని, గాజులు, వాచీ, ఉంగరం తీసి పెట్టెలో వేసుకోండి. కూర్చునేవాళ్లు బల్ల మీద సంచి పెట్టి, దాని మీద చేతులు మడిచి, నుదురు ఆనించాలి. జడ ఉంటే ముందుకు వేసుకోవాలి. వెనక నిలబడ్డవాళ్లు చెయ్యి వేయకముందే అడగాలి: "నీ వీపు నిమరనా?"

"ఊఁ" అంటేనే చెయ్యి వేయాలి. "వద్దు" అంటే పక్కన కూర్చుని బొమ్మ వేసుకోవచ్చు. ఎందుకు వద్దన్నావని టీచరు కూడా అడగకూడదు. మాట రాక మౌనంగా ఉంటే అదీ వద్దన్నట్టే. మధ్యలో వద్దనిపించినా అప్పుడే చెప్పొచ్చు, చెయ్యి అప్పుడే ఆగిపోవాలి.

ముందు రెండు చేతులూ భుజాల మీద పెట్టి మూడు ఊపిర్లు ఆగండి. తర్వాత వెన్నెముకకు అటూ ఇటూ అరచేతులు పరిచి మెడ కింద నుంచి నడుము దాకా దించండి. వెన్నెముక మీద ఒత్తకూడదు. ఇలా మూడుసార్లు. రెక్కల ఎముకల మీద గుండ్రంగా తిప్పండి. భుజాలను పిండి పిసికినట్టు మెల్లగా పిసకండి. తల మీద పది వేళ్ల కొసలతో చినుకులు రాల్చండి. భుజం నుంచి మణికట్టు దాకా నిమిరి, మళ్లీ భుజాల మీద చేతులు పెట్టి ఆపండి. కూర్చున్నవాళ్లు థ్యాంక్స్ చెప్పాలి, నిలబడ్డవాళ్లూ చెప్పాలి. ఒక్కొక్కరికి ఐదేసి నిమిషాలు, తర్వాత చోట్లు మారాలి. మెడ ముందు భాగం, ఛాతీ, పొట్ట, నడుము కింద, తొడలు ముట్టుకోకూడదు. జ్వరం, గజ్జి, సెగగడ్డ, దెబ్బ ఉన్నరోజు మానేయాలి.

చాలామంది తప్పేది వేగం దగ్గర. మీ 30 సెంటీమీటర్ల స్కేలు తీసుకోండి. ఆ పొడవు దాటడానికి చేతికి పది సెకన్లు పట్టాలి. మన చర్మంలో నెమ్మదైన స్పర్శనే ప్రత్యేకంగా పసిగట్టే సన్నటి నరాలున్నాయి. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో, చేతి వెచ్చదనంతో నిమిరినప్పుడు అవి బాగా పలుకుతాయి. గబగబా రుద్దితే వాటి స్పందన తగ్గిపోతుంది. ఇంత చిన్న సంగతి మన ఒంట్లో ఎవరు అమర్చారో అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

చక్కిలిగిలి పెట్టిందని కిసకిస నవ్వుతున్నారంటే వేలి కొసలతో పైపైన తాకుతున్నారన్నమాట. అరచెయ్యి మొత్తం ఆనించండి. "ఇలా బాగుందా, ఇంకా మెల్లగానా?" అని అడగండి. నవ్వులాటకు ఎవరైనా చరిస్తే ఆ రోజుకు ఆ జట్టు ఆపేయాలి, తిట్లు అక్కర్లేదు. జట్లు కుదిర్చే పని పిల్లలకే వదిలేస్తే ఆ అంచు పిల్లలే మిగిలిపోతారు, అందుకే టీచరు ప్రతి వారం జట్లు మార్చాలి. ఒకరు ఎక్కువైతే ముగ్గురు రైలులా ఒకరి వెనక ఒకరు కూర్చోవచ్చు. ఆడపిల్లలు ఆడపిల్లలతోనే అంటే అలాగే.

ఏడిపించేవాడినీ ఏడ్చేవాడినీ తెచ్చి ఒక జట్టు చేయడం పెద్ద తప్పు. ముందు ఇద్దరూ వేరే వాళ్లతో నెలల తరబడి చేయాలి. ఏడిపించేవాడు రోజుకోసారి చెయ్యి వేయకముందు అడగడం, వద్దంటే వెనక్కి తీసుకోవడం నేర్చుకుంటాడు. తన చేతి కింద ఎదుటివాడి భుజం బిగుసుకోవడం, మెల్లగా వదులవడం వాడికి తెలుస్తుంది. ఏడిపించే పిల్లల్లో ఇంట్లో దెబ్బలు తప్ప ఇంకో స్పర్శ ఎరగనివాళ్లూ ఉంటారు. వాడికీ ఎవరో "నీ వీపు నిమరనా?" అని అడగడం ఈ పద్ధతిలో నేను ఎక్కువ నమ్మే భాగం.

అలాగని దెబ్బలు తగులుతున్నవాళ్లు ఇది పనిచేసేదాకా ఓర్చుకోవద్దు. ఈరోజే టీచరుకు చెప్పండి, ఇంట్లో చెప్పండి. వినకపోతే ఏ ఫోను నుంచైనా పిల్లల సహాయ నంబరు 1098కి చేయండి, డబ్బులు పడవు. వద్దన్నా ముట్టుకునేవాళ్లు పెద్దవాళ్లయినా సరే, చుట్టాలైనా సరే, అదే నంబరు.

ఈ ఆదివారం మీకో పని. మీ వీధిలో పసిబిడ్డకు నూనె రాసి నీళ్లు పోసే అవ్వ ఉంటే, అడిగి, దూరంగా కూర్చుని చూడండి. చెయ్యి ఎటు నుంచి ఎటు వెళుతుందో, ఎక్కడ ఒత్తుతుందో, ఎక్కడ ఒత్తదో, బిడ్డ ముఖం ముడిచినప్పుడు ఏం చేస్తుందో నోటుపుస్తకంలో రాసుకోండి. ఆ కాగితాలు మీ సారు చేత పంపించండి. పేరు రాయకపోయినా ఫర్వాలేదు.

ఇట్లు
మీ తాత