బార్సిలోనా నుంచి ఒక్కరోజు ప్రయాణాలు: అపోహలు - వాస్తవాలు

మొన్న మళ్లీ అదే ఫోను. "అమ్మా, టారగోనాలో దిగాం. సముద్రం పక్కనే ఊరన్నావు, ఇక్కడ ఎటు చూసినా పొలాలే ఉన్నాయి." రాజమహేంద్రవరం నుంచి వచ్చిన పెద్దాయన ఆయన. పక్కన మోకాళ్ల నొప్పులతో ఆయన భార్య. ఎక్కడ దిగారో నాకు అప్పుడే అర్థమైంది.

అపోహ: ఆవే (AVE, స్పెయిన్ హైస్పీడ్ రైలు) ఎక్కితే ఊరు త్వరగా చేరతాం.

బార్సిలోనాకు వచ్చే తెలుగు కుటుంబాల ప్రయాణాలు చూసుకోవడం నా పని. ఇందులో నన్ను ఇంతగా వేధించిన అపోహ మరొకటి లేదు. "ఆవే తప్ప వేరే రైలు ఎక్కకండి" అనే సందేశం వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. పంపినవాళ్లలో ఎంతమంది టారగోనా చూశారో!

వాస్తవం: టారగోనా పేరుతో రెండు స్టేషన్లు ఉన్నాయి. ఆవే ఆగేది కాంప్ డి టారగోనాలో. హైస్పీడ్ మార్గం కోసం కట్టి 2006లో తెరిచిన ఈ స్టేషన్ ఊరికి దాదాపు 10 కిలోమీటర్ల దూరంలో, పొలాల మధ్య ఉంది. సామర్లకోటలో దిగి కాకినాడ వచ్చేశామని మనలో ఎవరైనా అనుకుంటారా? బార్సిలోనాలోని సాంట్స్ స్టేషన్ నుంచి ఆవే అరగంట పైచిలుకులో చేరుస్తుంది, నిజమే. కానీ అంతకు ముందు సామాను తనిఖీ వరుసలో నిలబడాలి, దిగాక బస్సు కోసం కాచుకోవాలి, లేదా టాక్సీకి డబ్బు పోయాలి. అదే సాంట్స్‌లో ప్రాంతీయ రైలు ఎక్కితే గంటకు పైగా పడుతుంది గానీ, చివర్లో సముద్రం పక్క నుంచే వెళ్లి ఊళ్లోనే దింపుతుంది. 2వ శతాబ్దపు రోమన్ ఆంఫిథియేటర్ అక్కడికి నడక దూరం. ఈ రైలుకు సీటు రిజర్వేషన్ ఉండదు. ఒకటి తప్పిపోతే తరువాతిది ఎక్కవచ్చు. ఆవే టికెట్ ఆ ఒక్క రైలుకే. చవక టికెట్ అయితే రైలు తప్పిపోగానే డబ్బు కూడా పోయినట్టే.

ఆ పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. "మాదే పొరపాటమ్మా" అన్నారు. అది విని నాకు కడుపు తరుక్కుపోయింది. పొరపాటు ఆయనది కాదు. వాళ్లబ్బాయి చూసిన యాప్ ప్రయాణ సమయాన్ని బట్టి రైళ్లను పేర్చి చూపింది. స్టేషన్ నుంచి ఊరు ఎంత దూరమో చెప్పలేదు. టాక్సీలో ఊళ్లోకి వెళ్లి మధ్యధరా సముద్రం కనిపించే బాల్కనీ దగ్గర కూర్చునేసరికి ఆవిడ అలిసిపోయారు. అక్కడి ఇనుప కటకటాలను తాకితే అదృష్టమని ఊరివాళ్ల నమ్మకం. ఆవిడ తాకి, ఫొటో పంపారు.

అలాగని ఆవే ఎప్పుడూ దండగ అనను. జిరోనాలో రెండు రకాల రైళ్లూ ఒకే చోట ఆగుతాయి కాబట్టి అక్కడికి ఆవే మంచిదే, 40 నిమిషాల్లో చేరుస్తుంది. ఫిగేరెస్‌లో మళ్లీ రెండు స్టేషన్లు. ఆవే ఆగే విలఫాంట్ నుంచి చిత్రకారుడు డాలీ మ్యూజియానికి సుమారు 20 నిమిషాల నడక. వేసవి నెలల్లో తప్ప సోమవారం ఆ మ్యూజియం మూసి ఉంటుంది, చూసుకోండి.

కొండ మీద మఠం ఉన్న మోంట్సెరాట్‌కు టూరు బస్సు తప్పనిసరి కాదు. భాష రాదని భయపడేవారికి నేను ధైర్యం చెప్పే దారి ఇది: బార్సిలోనాలోని ఎస్పాన్యా కూడలిలో ఆర్5 రైలు ఎక్కడం. కొండ ఎక్కడానికి రోప్‌వేనా, పళ్ల చక్రాల రైలా అన్నది టికెట్ కొనేటప్పుడే తేల్చుకోవాలి, ఎందుకంటే రెండింటికీ దిగే స్టేషన్లు వేరు. కళ్లు తిరిగేవారు రైలే ఎంచుకోండి.

శాకాహారులు "మాంసం వద్దు" అంటే చాలదు. సలాడ్‌లో ట్యూనా చేప వచ్చేస్తుంది. దాని పేరు పెట్టి వద్దనండి.

ఇంకొకటి, ఇది భయపడవలసినదే. స్పెయిన్, ఫ్రాన్స్ మధ్య ఉన్న చిన్న దేశం అండోరా, ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లో లేదు. సింగిల్ ఎంట్రీ వీసాతో అక్కడికి వెళితే తిరిగి స్పెయిన్‌లోకి రావడానికి మీ దగ్గర వీసా లేనట్టే. "సరిహద్దులో ఎవరూ చూడరు" అనే మాట నమ్మకండి.

ఆ దంపతులను శనివారం సముద్రతీరంలోని సిట్జెస్ ఊరికి పంపుతున్నాను, ప్రాంతీయ రైల్లోనే. స్టేషన్ నుంచి సముద్రానికి పది నిమిషాల నడక. దారి చాలావరకు పల్లమే, ఆవిడ నడవగలరు.