లోయర్ చేసిన కారుకి స్పేసర్లు: అపోహలు - వాస్తవాలు

"అన్నా, స్ప్రింగ్‌లు మార్చి కారు కిందికి దింపించినప్పటి నుంచి టైరు రుద్దుకుంటోంది. స్పేసర్లు వేసెయ్, సెట్ అయిపోతుంది." నిన్న సాయంత్రం షట్టర్ దించే వేళకి వచ్చిన అబ్బాయి మాట ఇది. స్పేసర్ అంటే వీల్‌కీ, వీల్‌ను బిగించే హబ్‌కీ మధ్య పెట్టే లోహపు బిళ్ల. పోయిన వారం ఇద్దరు అచ్చం ఇదే అడిగారు. మూసాపేటలో అలైన్‌మెంట్, సస్పెన్షన్ పని పద్దెనిమిదేళ్లుగా చేస్తున్నాను. నా కస్టమర్ల డబ్బు ఇంతగా పోగొట్టిన నమ్మకం ఇంకొకటి లేదు. ఒకసారి నలుగురి ప్రాణం మీదికే వచ్చింది. అందుకే ఇవాళ పని పక్కన పెట్టి రాస్తున్నాను.

అపోహ: టైరు రుద్దుకుంటుంటే స్పేసర్ వేస్తే పోతుంది

వాస్తవం: ఎక్కడ రుద్దుకుంటోందో చూడకుండా ఆ మాట ఎవరూ చెప్పకూడదు. స్పేసర్ చేసే పని ఒక్కటే, వీల్‌ను బయటికి జరపడం. 15 మిల్లీమీటర్ల స్పేసర్ వేస్తే టైరు లోపలి అంచూ, బయటి అంచూ రెండూ 15 మిల్లీమీటర్లు బయటికి వస్తాయి. కాబట్టి టైరు లోపలి వైపు షాక్ అబ్సార్బర్‌కో, కాయిలోవర్ (షాక్ చుట్టూనే స్ప్రింగ్ ఉండే రకం) స్ప్రింగ్ కింద ఉండే పళ్లేనికో తగులుతుంటే స్పేసర్ నిజంగానే మందు. వెడల్పు అలాయ్‌లు వేసిన కార్లలో ఇలా జరుగుతుంది. అక్కడ 3 లేదా 5 మిల్లీమీటర్లు సరిపోతాయి.

కానీ నా దగ్గరికి వచ్చే లోయర్డ్ కార్లలో ఎక్కువ వాటికి తగిలేది బయట, ఫెండర్ (చక్రం పైనుండే బాడీ రేకు) అంచు లోపలికి మడిచి ఉంటుంది చూడండి, ఆ మడత దగ్గర. లేదా స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు బంపర్ వైపు ప్లాస్టిక్ లైనర్‌కి. ఈ రెండు చోట్లా స్పేసర్ వేస్తే టైరును తీసుకెళ్లి ఆ అంచు కిందే పెట్టినట్టు. లైనర్ సంగతీ అంతే. వీల్ బయటికి వచ్చిన కొద్దీ స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు ఇంకా పెద్ద వలయంలో తిరుగుతుంది, అంతకుముందు తగలని మూలకి కూడా తగులుతుంది.

"కారు కిందికి దిగితే నెగటివ్ కాంబర్ వస్తుంది కదా, టైరు పైభాగం లోపలికి వాలుతుంది కదా, స్పేసర్‌కి చోటు దొరుకుతుంది" అని వాదించేవాళ్లు ఉన్నారు. లెక్క వేసి చూడండి. టైరు వ్యాసం సుమారు 600 మిల్లీమీటర్లు అనుకుంటే, ఒక్క డిగ్రీ కాంబర్‌కు టైరు పై అంచు లోపలికి జరిగేది 5 మిల్లీమీటర్లు. మీరు వేసే స్పేసర్ 15 లేదా 20. మిగతా 10, 15 ఎక్కడికి పోతాయి? పైగా వెనక రెండు చక్రాలనీ కలిపే ఒకే దూలం, అంటే టార్షన్ బీమ్ ఉన్న మన చిన్న కార్లలో వెనక కాంబర్ కారును దింపినంత మాత్రాన మారదు. ఆ 5 కూడా అక్కడ దొరకదు.

ఇంకో లెక్క. ఆఫ్‌సెట్ అంటే వీల్ వెడల్పు సరిగ్గా మధ్య నుంచి హబ్‌కి ఆనే ముఖం ఎన్ని మిల్లీమీటర్లు బయటికి ఉందో చెప్పే అంకె. అది తగ్గిన కొద్దీ వీల్ బయటికి వస్తుంది. కంపెనీ వీల్ 6 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ 45 అనుకోండి. మీరు కొన్న అలాయ్ 7 అంగుళాలు, ఆఫ్‌సెట్ 35. అంగుళం పెరిగిన వెడల్పులో సగం, అంటే 12.7, దానికి ఆఫ్‌సెట్ తేడా 10 కలిపితే బయటి అంచు ఇప్పటికే దాదాపు 23 మిల్లీమీటర్లు బయటికి వచ్చేసింది. లోపలి వైపు జరిగింది 3 కూడా లేదు. ఇలాంటి వీల్‌కి మళ్లీ స్పేసర్ అడుగుతారు. మీ వీల్ మీద ఈటీ అని, పక్కన ఒక అంకె పోత పోసి ఉంటుంది, ఆఫ్‌సెట్ అంటే అదే. స్పేసర్ కొనడానికి వెళ్లేముందు అది చదవండి.

అసలు ప్రమాదం ఇంకో చోట ఉంది. షాక్‌లు, బంప్ స్టాప్‌లు (వీల్ మరీ పైకి వెళ్లకుండా ఆపే రబ్బరు ముక్కలు) మార్చకుండా స్ప్రింగ్‌లు మాత్రమే మార్చిన కారులో వీల్ పైకి వెళ్లగలిగే చివరి హద్దు మారదు. మారేది ఆ హద్దుకి ఎన్నిసార్లు చేరుతుందనేది. కంపెనీ ఎత్తులో ఉన్న కారు ఏ పెద్ద గుంతలోనో పడితే తప్ప చేరని చోటికి, 40 మిల్లీమీటర్లు దింపిన కారు వెనక ముగ్గురు కూర్చుంటే ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ చేరుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తుకి 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మన కాలనీల్లో రాత్రికి రాత్రి సిమెంటుతో కట్టిన గట్లకి ఆ వెడల్పులో పావు వంతైనా ఉంటుందా? ఇక బంప్ స్టాప్ కోసేసిన కార్లు, స్ప్రింగ్‌నే కోసి దింపిన కార్లు వేరే సంగతి. వాటికి స్పేసర్ కాదు గదా, గాలి కూడా నింపకుండా ముందు స్ప్రింగ్‌లు మార్చుకోమంటాను.

నిజాంపేట నుంచి ఒక కుర్రాడు పోలో తెచ్చేవాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మంచి పిల్లాడు. ఎక్కడో 40 మిల్లీమీటర్ల లోయరింగ్ స్ప్రింగ్‌లు వేయించాడు, అక్కడే వెనక 20 మిల్లీమీటర్ల స్పేసర్లు కూడా వేశారు. రోజూ ఒక్కడే గచ్చిబౌలి వెళ్లి వచ్చేవాడు. నెల రోజులు ఏమీ కాలేదు. దసరా సెలవులకి ముగ్గురు స్నేహితులతో, డిక్కీ నిండా సామానుతో ఊరికి బయల్దేరాడు. చౌటుప్పల్ దాటాక వెనక నుంచి జర్రుమని చప్పుడు వినిపించిందట. రోడ్డు చప్పుడేమో అనుకున్నారు. ఒక్కో ఎగుడుదిగుడుకీ ఫెండర్ మడత టైరు భుజాన్ని కొంచెం కొంచెం కోస్తూ వచ్చింది. నార్కట్‌పల్లి దాకా కూడా వెళ్లలేదు, టైరు పేలింది. ఎడమ లేన్‌లో ఉన్నారు, వెనక లారీ దూరంగా ఉంది, బతికారు. మర్నాడు కారును టో చేసి నా దగ్గరికి తెచ్చారు. టైరు చుట్టూ కత్తితో గీసినట్టు ఒకటే గీత, లోపలి దారాలు బయటికి వచ్చి ఉన్నాయి. ఫెండర్ మడతకి రబ్బరు కరిగి అంటుకుని ఉంది. ఆ కుర్రాడు దాన్ని వేలితో ముట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

అందుకే నా పద్ధతి చెప్తాను. ముందు టైరు భుజం చేత్తో తడిమి చూడండి. నున్నగా నిగనిగలాడే పట్టీ లోపలి వైపు ఉందా, బయటి వైపు ఉందా? ఫెండర్ మడత లోపల పెయింట్ లేచిందా? సందేహంగా ఉంటే ఆ మడత మీద, టైరు భుజం మీద సుద్ద రాయండి. వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్లను కూర్చోబెట్టి మీ కాలనీ స్పీడ్ బ్రేకర్లు మెల్లగా నాలుగు ఎక్కించి దించండి. ఎక్కడ సుద్ద పోయిందో అక్కడ తగులుతోంది. గ్యారేజీలో అయితే నేను స్ప్రింగ్ తీసేసి, బంప్ స్టాప్ నొక్కుకునేదాకా వీల్‌ను జాకీతో పైకి లేపి చూస్తాను. ముందు వీల్ అయితే అదే ఎత్తులో స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పి చూస్తాను. గంటన్నర పని. ఆ గంటన్నర ఇవ్వడానికి ఒప్పుకోని మెకానిక్ చేత స్పేసర్ వేయించుకోవద్దు.

అపోహ: నట్లు గట్టిగా బిగిస్తే చాలు, ఏ స్పేసర్ అయినా ఒకటే

వాస్తవం: ఇది నాకు నా సొంత కారే నేర్పింది. 2010లో నా స్విఫ్ట్‌కి 10 మిల్లీమీటర్ల స్పేసర్లు వేసుకున్నాను, అన్ని కార్లకీ పట్టేలా బోలెడు రంధ్రాలు ఉండే రకం. గచ్చిబౌలి నుంచి శంషాబాద్ వైపు ఔటర్ ఎక్కి 80 దాటగానే స్టీరింగ్ వణికేది. మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేశాను, టైర్లు ముందువి వెనక్కి మార్చాను. చివరికి మా ఉస్తాద్ వీల్ విప్పించి చూపించాడు. స్విఫ్ట్ హబ్ మధ్యలో ఉబ్బెత్తు భాగం 54.1 మిల్లీమీటర్లు. ఆ స్పేసర్ మధ్య రంధ్రం 73. వీల్ హబ్ మీద కూర్చోలేదు, నట్లు ఎటు లాగితే అటు వెళ్లింది. తర్వాత ఆయన పానా నా చేతికిచ్చి, నట్టు విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టమన్నాడు. నాలుగున్నర చుట్లకే ఊడి వచ్చింది. ఆ కారులో అమ్మను ఎక్కించుకుని యాదగిరిగుట్ట వెళ్లొచ్చాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నట్టు ఎంత లోతు పట్టాలో లెక్క సులువు. స్టడ్ (హబ్ నుంచి బయటికి వచ్చే మర కడ్డీ, నట్టు ఎక్కేది దాని మీదే) ఎంత మందమో కనీసం అంత పొడవు మర పట్టాలి. 12 మిల్లీమీటర్ల స్టడ్, మర 1.5 (ఒక్క చుట్టుకి నట్టు కదిలే మిల్లీమీటర్లు) అయితే 8 చుట్లు. మర 1.25 అయితే 9 దాటి దాదాపు 10. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల్లో స్టడ్ ఉండదు, బోల్ట్ ఉంటుంది. అక్కడ స్పేసర్ ఎంత మందమో అంత పొడవు ఎక్కువ ఉన్న బోల్ట్‌లే వేయాలి. మరీ పొడుగైతే వెనక బ్రేక్ భాగాలకి తగులుతాయి. బోల్ట్ తల కింద ఆకారం కూడా చూడాలి: కంపెనీ వీల్‌కి గుండ్రంగా ఉంటుంది, బయట కొన్న అలాయ్‌లు చాలావాటికి కోసుగా ఉండాలి. ఒకదానికి ఒకటి వేస్తే బిగిసినట్టే కనిపిస్తుంది, నిజానికి సన్నని అంచు మీద నిలబడి ఉంటుంది.

సొంత స్టడ్‌లు ఉండే మందం స్పేసర్లు 20, 25 మిల్లీమీటర్ల నుంచి మంచివి దొరుకుతాయి. 15లో అదే రకం వేస్తే హబ్ స్టడ్‌లు స్పేసర్ బయటికి పొడుచుకొస్తాయి, వీల్ ఆనదు. రెండు పలచటి స్పేసర్లు ఒకదాని మీద ఒకటి పేర్చడం, పోత అల్యూమినియం ముక్కలు వేయడం, తుప్పు గీకకుండా హబ్ మీద పెట్టడం, వీటి గురించి వాదనే వద్దు, చేయకండి. ఎయిర్ గన్‌తో బిగించి వదిలేయడం కూడా. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తోనే, మీ కారు మాన్యువల్‌లో ఉన్న అంకెకే. హోండా సిటీకి 108 న్యూటన్ మీటర్లు, పోలోకి 120. తర్వాత 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగి మళ్లీ చూపించాలి. కొత్తగా కలిసిన లోహాలు సర్దుకున్నప్పుడు బిగువు తగ్గుతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

స్పేసర్ వేస్తే వంపుల్లో కారు అతుక్కుపోతుందట. రెండు వీల్స్ మధ్య దూరం 1450 మిల్లీమీటర్లు ఉన్న కారుకి రెండు వైపులా 15 వేస్తే పెరిగేది 30, అంటే 2 శాతం. మీకు తెలియదు. తెలిసేది స్టీరింగ్‌లో: గుంత తగిలినప్పుడు చేతిని లాగుతుంది, ఒక వైపు చక్రం ఇసుక మీద, ఒక వైపు తారు మీద ఉండగా బ్రేక్ కొడితే పక్కకి గుంజుతుంది. ముందు వీల్స్‌కి మందం స్పేసర్లు నేను వేయకపోవడానికి అదే కారణం.

బేరింగ్ వారంలో పోతుందట. పోదు. బరువు బయటికి జరిగింది కాబట్టి త్వరగా అరుగుతుంది, అంతే. 5 మిల్లీమీటర్లకి భయపడక్కర్లేదు.

స్పేసర్ ఆర్‌సీలో రాయరు కాబట్టి చట్టానికి సంబంధం లేదట. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ చూడండి. అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ సర్వేయర్ ముందు చూసేది చెప్పకుండా చేసిన ఇలాంటి మార్పులే.

మరి వేయించుకోవాలా వద్దా అంటే, పిల్లల్ని, పెద్దవాళ్లని వెనక కూర్చోబెట్టుకుని తిరిగే కారుకి అందం కోసం నేను వేయను. ఫెండర్ సమానంగా వీల్ కనబడాలనుకుంటే స్పేసర్ డబ్బుకి ఇంకొంత కలిపి సరైన ఆఫ్‌సెట్ అలాయ్ కొనుక్కోండి. లోపల తగులుతుంటే మాత్రం, హబ్‌కి సరిగ్గా కూర్చునే పలచటి స్పేసర్ హాయిగా వేస్తాను.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నాక స్పేసర్లు బయటపడి టెన్షన్ పడేవాళ్లకి ఒక మాట. వనస్థలిపురం నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు, కూతురి కోసం కొన్న ఐ20తో. ఏదో గ్యారేజీలో వీల్ విప్పి, "సార్, చక్రం ఎప్పుడైనా ఊడిపోతుంది, హబ్‌లు, బేరింగ్‌లు అన్నీ మార్చాలి" అని ముప్పై వేలు చెప్పారట. పాపం, ఆయన పది రోజులు కారు తీయలేదు, కూతురిని బస్సులో పంపారు. విప్పి చూస్తే ముందు రెండు వీల్స్‌కి 5 మిల్లీమీటర్ల ప్లేట్లు. స్టడ్‌ల మర చెక్కుచెదరలేదు, బేరింగ్‌లో చప్పుడు లేదు, ఊగులాట లేదు. ప్లేట్లు తీశాను, హబ్ గీకి శుభ్రం చేశాను, పాత నట్లే టార్క్‌కి బిగించాను. నలభై నిమిషాల పని. "ఇంతేనా నాయనా?" అని రెండుసార్లు అడిగారు. ఇంతే మాస్టారూ, వంద కిలోమీటర్లు తిరిగాక ఒకసారి వచ్చి నట్లు చూపించుకుని వెళ్లండి, దానికి డబ్బులు తీసుకోను అన్నాను. ఆ ఆదివారం కూతురే నడుపుకుంటూ వచ్చింది.