రక్తం పక్కన పారే నీరు

ఆరోగ్యంగా ఉన్న మనిషి వారమంతా తాగే నీళ్లు సాధారణంగా ఇరవై లీటర్లకు మించవు; అవి కూడా పేగుల గోడ దాటాకే రక్తంలో కలుస్తాయి. వారానికి 3 సార్లు, 4 గంటల చొప్పున డయాలసిస్ చేయించుకునే వారి రక్తం పక్కనుంచి మాత్రం, నిమిషానికి 500 మిల్లీలీటర్ల లెక్కన, అదే వారంలో 360 లీటర్ల ద్రవం పారుతుంది; అందులో అత్యధిక భాగం నీరే. మధ్య ఉండేది సన్నని కృత్రిమ పొర ఒక్కటే. రక్తంలోని యూరియా అటు పోయినట్టే ద్రవంలోని మలినాలూ ఇటు రాగలవు. వాటిని బయటికి పంపాల్సిన మూత్రపిండాలేమో పనిచేయవు.

అందుకే తాగడానికి పనికొచ్చే నీరు డయాలసిస్‌కు పనికిరాకపోవచ్చు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. డయాలసిస్ నీటిలో 0.2 దాటకూడదు. నల్గొండ వంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో ఈ తేడా చిన్నది కాదు. 1996 ఫిబ్రవరిలో బ్రెజిల్‌లోని కరువారు పట్టణంలో జలాశయపు నాచు విషం సరిగా శుద్ధికాని నీటితో పాటు డయాలసిస్ కేంద్రానికి చేరింది. 131 మందిలో 100 మందికి కాలేయం దెబ్బతింది. ఆ ఏడాది చివరికి 52 మరణాలకు ఆ ఘటనే కారణమని తేల్చారు.

ఇంతటి విపత్తు ఎవరి కంటికైనా కనబడుతుంది. నెమ్మదిగా జరిగే హాని సంగతి వేరు. ఆర్ఓ ప్లాంటు దాటిన నీటిలో క్లోరిన్ ఉండదు కాబట్టి, నీరు నిలిచిపోయే చోట, ఉదాహరణకు యంత్రం తీసేశాక మూతపెట్టి వదిలేసిన జానెడు గొట్టం ముక్కలో, బ్యాక్టీరియా జిగట పొరలా పేరుకుంటుంది. మందు పోసి దాన్ని చంపినా, దాని కణకవచపు తునకలైన ఎండోటాక్సిన్లు నీటిలో మిగులుతాయి. పొరలో పెద్ద రంధ్రాలుండే హైఫ్లక్స్ డయలైజర్లలో (రక్తాన్ని వడకట్టే పరికరాల్లో) ద్రవం కొంత వెనక్కి, రక్తంలోకి చొరబడుతుంది గనుక ఆ తునకలూ రాగలవు. చలిజ్వరం రాకపోయినా ఒంట్లో వాపు ప్రక్రియ సన్నగా రగులుతూనే ఉంటుంది: వాపును సూచించే సీఆర్‌పీ అనే ప్రొటీన్ రక్తంలో పెరుగుతుంది, రక్తహీనతకు ఇచ్చే ఎరిత్రోపోయిటిన్ మోతాదు పెంచాల్సి వస్తుంది.

మామూలు డయాలసిస్ ద్రవంలో మిల్లీలీటరుకు 0.5 యూనిట్ల లోపు ఎండోటాక్సిన్‌ను అంతర్జాతీయ ప్రమాణం అనుమతిస్తుంది; 'అల్ట్రాప్యూర్' ద్రవంలో 0.03 లోపే ఉండాలి. ఈ అదనపు శుద్ధి ఆయుష్షు పెంచుతుందా? జపాన్‌లో లక్షమందికి పైగా రోగుల వివరాలు పరిశీలిస్తే, ఎండోటాక్సిన్ ఎక్కువున్న కేంద్రాల్లో మరణాలు ఎక్కువని తేలింది. అయితే అలాంటి కేంద్రాల్లో మిగతా లోపాలూ ఉండవచ్చు. టర్కీలో 704 మందిపై జరిగి 2013లో వెలువడిన ప్రయోగంలో మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మూడేళ్లకు పైబడి డయాలసిస్‌పై ఉన్నవారిలో మాత్రం మేలు జరిగిన సూచనలున్నాయి. ఒక ప్రయోగంలోని ఉపవర్గం మీద ఎక్కువ భారం మోపకూడదు గానీ, ఏళ్ల తరబడి పేరుకునే హాని అలా కనబడటంలో వింత లేదు.

నీటికి చేసే నెలవారీ పరీక్షలో శాంపిల్ ఎక్కడ తీశారన్నదీ ముఖ్యమే. ఆర్ఓ ప్లాంటు నుంచి నీరు బయటికొచ్చే చోట పట్టిన సీసాలో, రోగి మంచం దగ్గరి గొట్టంలో పెరిగిన బ్యాక్టీరియా కనబడదు.