పాత రాతల నుంచి పలుకుతున్న కౌర్నా

1836లో బ్రిటిష్‌వాళ్లు వచ్చి స్థిరపడేదాకా ఆస్ట్రేలియాలో ఇప్పటి అడిలైడ్ నగరమున్న మైదానమంతా కౌర్నా జాతిది. రెండేళ్ల తర్వాత టైకెల్మాన్, షూర్మాన్ అనే ఇద్దరు జర్మన్ మిషనరీలు వచ్చారు. మతప్రచారానికే వచ్చినా ముందు వాళ్ల భాష, దాని పేరూ కౌర్నానే, నేర్చుకున్నారు. 1839 డిసెంబరులో టోరెన్స్ నది ఒడ్డున పిల్టావొడ్లిలో బడి పెట్టి, కౌర్నాలోనే చదువు చెప్పారు. మరుసటి ఏడాది వ్యాకరణం, సుమారు 2,000 మాటల పదకోశం అచ్చు వేయించారు. ఆ బడి పిల్లలు సొంత భాషలో రాసిన ఉత్తరాలు జర్మనీ దాకా వెళ్లాయి.

1845లో గవర్నర్ జార్జ్ గ్రే హయాంలో ఆ బడిని కూల్చేసి, పిల్లలను ఇంగ్లిష్ మాత్రమే నేర్పే బడికి మార్చారు. అదే గ్రేకి భాషల పుస్తకాలూ రాతప్రతులూ పోగుచేయడమంటే మహా ఇష్టం. టైకెల్మాన్ మరిన్ని మాటలు చేర్చి 1857లో రాసిన పదకోశం, అప్పటికి దక్షిణాఫ్రికాలోని కేప్ కాలనీకి గవర్నరుగా ఉన్న ఆయన దగ్గరికే చేరింది. నేటికీ అది కేప్‌టౌన్ గ్రంథాలయంలోనే ఉంది. మాటలను భద్రంగా దాచి, వాటిని మాట్లాడే పిల్లల నోరు నొక్కేయడం నా దృష్టిలో క్షమించరాని అన్యాయం.

రోగాలు, భూమి పోవడం, దూరపు మిషన్లకు తరలింపు వల్ల 1860ల నాటికే కౌర్నా రోజువారీ వాడుక నుంచి దాదాపు తప్పుకుంది. కౌర్నా బాగా తెలిసిన చివరి మనిషిగా చెప్పుకునే ఇవారిట్జి 1929లో కన్నుమూసింది.

1990 ప్రాంతంలో కౌర్నా వాడకం పాటలతో మళ్లీ మొదలైంది. లూయిస్ ఓబ్రయన్, అలీట్యా రిగ్నీ వంటి పెద్దలు, భాషావేత్త రాబ్ అమెరీ కలిసి ఆ పాత రాతలనే ఆధారం చేసుకున్నారు. అసలు చిక్కు ఉచ్చారణ దగ్గర వచ్చింది. మనకు త, ట వేర్వేరు అక్షరాలు. కౌర్నాలోనూ ఆ తేడా ఉంది, జర్మన్ల రాతలో మాత్రం సరిగ్గా పడలేదు. అందుకే చుట్టాల్లాంటి పొరుగు భాషలతో పోల్చి ఒక్కో మాటా తేల్చుకోవాల్సి వచ్చింది. 2002లో కౌర్నా వర్రా పింట్యంతి అనే సంఘం ఏర్పడింది, 2010లో స్పెల్లింగ్ సవరించుకున్నారు.

ఇప్పుడు అడిలైడ్ సభల్లో స్వాగతం కౌర్నాలో పలుకుతారు. అంత్యక్రియల్లో వీడ్కోలు చెబుతారు, పిల్లలకు ఆ భాషలో పేర్లు పెడుతున్నారు. ఇంట్లో పొద్దస్తమానం మాట్లాడుకునే భాషగా మారడానికి ఇంకా చాలా కావాలి. ముఖ్యంగా దాన్ని బడిలో చెప్పగల కౌర్నా టీచర్లు కావాలి.